గుంటగలగరాకు, కొబ్బరినూనె, తెల్ల ఎలుకలు

అనంతపురంలో ఎం.ఫార్మసీ చదువుతున్నప్పుడు ఫార్మకాలజీ ప్రాజెక్టు కోసం నేను ఎంచుకున్న అంశం, జుట్టు పెరుగుదలకు వాడే మొక్కల మందుల పరీక్ష. మా ప్రాంతపు ఇళ్లలో జుట్టు రాలుతోందని ఒక్కరు అంటే చాలు, గుంటగలగరాకు, మందారాకు, కరివేపాకు, మెంతులు, ఆముదం అంటూ పది మంది పది మందులు చెబుతారు. వాటిలో ఒకదాన్ని పట్టుకొని పద్ధతి ప్రకారం పరీక్షించి చూడాలనుకున్నాను. ఈ ఆకు పని చేస్తుందా అని మనం ఒక్క ముక్కలో అడిగేదానిలో నాలుగైదు వేర్వేరు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయని, ఎలుకల మీద చేసే ప్రయోగం వాటిలో ఒకటి రెండింటికి మాత్రమే జవాబు చెప్పగలదని పనిలోకి దిగాక అర్థమైంది. ఆ ప్రయోగం ఎలా నడుస్తుందో, ఏ దశలో ఏం తేలుతుందో ఇక్కడ రాస్తున్నాను.

గుంటగలగరాకునే తీసుకోవడానికి ముఖ్య కారణం, ఆయుర్వేద తలనూనెలైన భృంగరాజ తైలానికీ నీలిభృంగాది తైలానికీ అది ముఖ్య దినుసు కావడం. అందువల్ల దాని మీద ముందే జరిగిన పని చాలా ఉంది, పోల్చి చూసుకోవడానికి వీలుంటుంది. దొరకడం కూడా కష్టం కాదు. జిల్లాకు కరవు జిల్లా అన్న పేరున్నా, చెరువుల అంచున, మడికట్ల పక్కన, కాలువ గట్ల మీద కాస్త తడి ఉన్న చోటల్లా అది మొలుస్తుంది. మేము బుక్కరాయసముద్రం చెరువు కింది మడుల దగ్గర సేకరించాం. చిన్న తెల్లటి పువ్వు, కాండానికి ఎదురెదురుగా ఆకులు, తడిమితే చేతికి తగిలే గరుకు నూగు దాని గుర్తులు. కాండాన్ని తుంచి వేళ్ల మధ్య నలిపితే వచ్చే పసరు మొదట ఆకుపచ్చగా ఉండి చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ నలుపు గోళ్ల సందుల్లో చేరిందంటే సబ్బుకు ఒక పట్టాన లొంగదు. పచ్చబొట్టు పొడవడానికి కూడా ఈ పసరును వాడేవారు. ఈ రంగు మా ప్రయోగంలో పెద్ద చిక్కే తెచ్చింది, ఆ సంగతి తరువాత చెబుతాను.

మొక్కను తెచ్చుకున్నంత మాత్రాన పని మొదలు పెట్టడానికి వీల్లేదు. పసుపు పువ్వు పూసే మరో మొక్కను కూడా చాలా చోట్ల గుంటగలగర అనే పిలుస్తారు, వృక్షశాస్త్రం ప్రకారం అది వేరే జాతి. అనంతపురం పాతూరులో వనమూలికల అంగళ్లలో ఎండబెట్టి పొడి చేసి అమ్మేదానిలో ఏ మొక్క ఎంత ఉందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే వేరు, కాండం, ఆకు, పువ్వు అన్నీ ఉన్న మొక్కను కాగితాల మధ్య అణచి ఆరబెట్టి, అట్ట మీద కుట్టి, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో చూపించి, అది ఎక్లిప్టా ప్రోస్ట్రేటా అని నిర్ధారణ పత్రం తీసుకున్నాం. పాత పుస్తకాలలో ఇదే మొక్క ఎక్లిప్టా ఆల్బా అన్న పేరుతో ఉంటుంది. ఆ నమూనా అట్టకు ఒక సంఖ్య ఇచ్చి భద్రపరుస్తారు. రేపు ఎవరైనా మా ఫలితాన్ని శంకిస్తే ముందుగా అడగవలసింది ఆ అట్టనే. మూలికల మీద వచ్చే నివేదికలు చదివేటప్పుడు నేను ఇప్పటికీ మొదట చూసేది ఈ వివరమే.

తరువాతి ప్రశ్న, దేన్ని పరీక్షించాలన్నది. జనం వాడేది నూనె. పరిశోధన పత్రాలలో ఎక్కువగా కనిపించేది పెట్రోలియం ఈథర్ అనే ద్రావణితో తీసిన సారం. ఇవి రెండూ ఒకటి కావు. నూనె కాచడానికి ఆయుర్వేద గ్రంథాలు చెప్పే సాధారణ లెక్క ప్రకారం, నూరిన ముద్ద ఒక పాలైతే నూనె నాలుగు పాళ్లు, పసరు పదహారు పాళ్లు ఉండాలి. నీరంతా ఇగిరిపోయేదాకా సన్నటి సెగ మీద కాచి, అడుగున మిగిలిన ముద్దను వేళ్లతో వత్తిలా నులిమి మంటకు చూపించినప్పుడు చిటపటమనకుండా కాలితే పాకం వచ్చినట్లు. మా అవ్వ ఏ గ్రంథమూ చదవకుండానే ఈ వత్తి పరీక్ష చేసేది. ఆమె లెక్క చెంబులతోనూ గరిటెలతోనూ సాగేది, పాత్ర మాత్రం ఇనుప బాణలే కావాలనేది. మా గైడ్ సార్ రెండింటినీ పరీక్షించమన్నారు. సంప్రదాయ పద్ధతిలో కాచిన తైలం ఒకటి, కొబ్బరినూనెలో కలిపిన ఈథర్ సారం ఒకటి. వాటితో పోల్చడానికి వట్టి కొబ్బరినూనె ఉండాలి కదా, దాన్ని కూడా ఆకు లేకుండా నీళ్లు మాత్రమే పోసి అంతసేపూ అదే సెగ మీద కాయించారు. కాగిన నూనె, కాగని నూనె వేరువేరుగా ప్రవర్తిస్తే ఆ తేడా ఆకు ఖాతాలో పడిపోతుందన్నది ఆయన అనుమానం. ఇంత చాదస్తం అవసరమా అని అప్పుడు మాలో మేము గొణుక్కున్నాం గానీ, చివరికి మాకు అక్కరకు వచ్చింది ఆ నూనే.

సారం తీయడానికి నీడలో ఆరబెట్టిన ఆకును ముతక పొడిగా చేసి సాక్స్‌లెట్ పరికరంలో పెట్టాం. అందులో కింద మరిగిన ద్రావణి ఆవిరై పైకి వెళ్లి, చల్లబడి, పొడి మీద చినుకులుగా పడి, సారాన్ని వెంటబెట్టుకొని మళ్లీ కిందికి దిగుతుంది. దిగే ద్రావణిలో రంగు పోయేదాకా గంటల తరబడి ఇదే తిరుగుడు. పైన ఆవిరి చల్లబడాలంటే గొట్టంలో నీరు ఆగకుండా పారుతుండాలి. కొళాయి నీరు ఎప్పుడు వస్తుందో తెలియని ఊళ్లో గంటల తరబడి నీటిని అలా తూములోకి వదలడం మాకు మనసొప్పలేదు. ఎయిర్ కూలర్‌లో వాడే చిన్న పంపును మంచుముక్కలు వేసిన తొట్టిలో ముంచి, అదే నీరు తిరిగి తిరిగి పారేలా ఏర్పాటు చేసుకున్నాం. పెట్రోలియం ఈథర్ నిప్పు అంటుకుంటే అదుపు చేయలేని పదార్థం. ఆ గదిలో స్విచ్ వేయడానికి కూడా మాకు అనుమతి ఉండేది కాదు. ఇంత చేసి, ద్రావణిని ఆవిరి చేశాక గిన్నె అడుగున మిగిలేది ముదురాకుపచ్చ రంగులో జిగటగా ఉండే కొద్దిపాటి ముద్ద. మొక్కలోని కొవ్వు స్వభావం గల పదార్థాలూ స్టెరాల్‌లూ పత్రహరితమూ అందులోకి వస్తాయి. గుంటగలగరాకు పేరు చెప్పగానే అందరూ ప్రస్తావించే వెడెలోలాక్టోన్ అనే పదార్థం మిథనాల్ అనే మరో ద్రావణిలో బాగా దిగుతుంది గానీ ఈ ద్రావణిలో పెద్దగా దిగదు. అంటే సారం అన్న ఒకే మాట కింద, ఏ ద్రావణితో తీశామన్నదాన్ని బట్టి, రెండు వేర్వేరు మందులు ఉండవచ్చు.

ఎలుకల మీద ప్రయోగానికి అనుమతి సంపాదించడం మరో ఘట్టం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్రప్రభుత్వం ఏర్పాటు చేసిన కమిటీ నియమాల ప్రకారం, ప్రతి సంస్థలోనూ ఒక నైతిక సంఘం ఉంటుంది, అందులో ఆ కమిటీ నియమించిన బయటి సభ్యులు కూడా కూర్చుంటారు. మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్నే గట్టిది. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశంలో 2014లోనే నిషేధించారు కదా, తలనూనె సౌందర్య సాధనం కాదా అన్నారు. తల మెరవడానికో చిక్కు తీయడానికో అయితే అది సౌందర్య సాధనమే, కొత్త వెంట్రుక మొలుస్తుందని చెప్పదలిస్తే అది మందు అవుతుంది, మేము పరీక్షిస్తున్నది ఆ రెండో మాటను అని సార్ జవాబిచ్చారు. జంతువుల సంఖ్యను ఎందుకు తగ్గించలేరు, బాధ కలగకుండా ఏం చేస్తారు, పరీక్షనాళికలో తేల్చుకోగలిగిన భాగం ఏదైనా ఉందా అని వాళ్లు అడిగినవాటికి రాతపూర్వకంగా సమాధానాలు ఇచ్చాక అనుమతి వచ్చింది. ఇదంతా కాగితాల తతంగం అని విసుక్కునే విద్యార్థులను చూశాను. నా మటుకు నాకు ఆ ప్రశ్నల వల్లనే ప్రయోగం పదునెక్కిందనిపిస్తుంది.

మేము వాడినవి విస్టార్ జాతి తెల్ల ఎలుకలు. అవి ఉండే గదిలో ఉష్ణోగ్రత ఇరవై రెండు డిగ్రీలకు అటూ ఇటూగా ఉండాలి, పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి పాటించాలి. బయట మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఈ నియమం పాటించడం ఏమిటో మా జంతుశాల అటెండరు అన్నను అడగాలి. కరెంటు పోయిన మరుక్షణం జనరేటర్ దగ్గరికి పరుగెత్తేది ఆయనే. ఒక గుంపును ఏమీ పూయకుండా వదిలేశాం. రెండో గుంపుకు వట్టి కొబ్బరినూనె, మూడో గుంపుకు రెండు శాతం మినాక్సిడిల్, మిగిలిన రెండింటికి మా తైలమూ మా సారమూ. పోలిక కోసం మినాక్సిడిల్‌ను తీసుకోవడం ఇలాంటి పరీక్షల్లో రివాజు. అది రక్తపోటు మాత్రగా వచ్చిన మందు. వాడినవారికి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం గమనించి తలకు పూసే ద్రవంగా మార్చారు, 1988లో అమెరికాలో మగవారి బట్టతలకు అనుమతి పొందింది.

మందు పూయడానికి ముందు చర్మం మండుతుందో లేదో చూడాలి. చిన్న చోట పూసి, ఇరవై నాలుగు గంటల తరువాతా ఆ మీదటా ఎర్రదనం, వాపు ఉన్నాయేమో చూసి మార్కులు వేస్తారు. అది దాటాక వీపు మీద కొలిచిన చోట వెంట్రుకలు కత్తిరించి తొలగిస్తారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. వెంట్రుకను కుదురుతో సహా పెరికితే ఆ దెబ్బకే కుదురు మేలుకొని కొత్త వెంట్రుకను మొలిపిస్తుంది. అప్పుడు అన్ని గుంపుల్లోనూ జుట్టు జోరుగా వచ్చి మందు పని ఎంతో తెలియకుండా పోతుంది. కాబట్టి పెరకకూడదు, కత్తిరించాలి, ప్రతి ఎలుకకూ ఒకే తీరుగా, ఒకే చేతితో. ఎలుకకు ఒళ్లు నాకే అలవాటు ఉంది, కొబ్బరినూనె దానికి విందు. అందుకే మూతి అందని చోట, రెండు భుజాల నడుమ పూసి, ఒక్కోదాన్ని విడి పంజరంలో ఉంచి, నూనె ఇంకేదాకా కనిపెట్టుకొని ఉండేవాళ్లం. మందు చర్మం మీద పని చేసిందా కడుపులోకి వెళ్లి పని చేసిందా అన్న సందేహం మిగలకూడదు కదా.

పూయడం సుమారు నెల రోజులు సాగుతుంది. వీపు మీద మొదటి వెంట్రుక కనిపించిన రోజు ఏది, కత్తిరించిన చోటంతా పూర్తిగా కమ్మిన రోజు ఏది అన్నవి రాసుకోవాలి. రంగు తెచ్చిన చిక్కు ఇక్కడే. గులాబీ రంగు చర్మం మీద తెల్ల వెంట్రుక మొలిస్తే తొలి రోజుల్లో కనిపించనే కనిపించదు, దీపం పక్కకు వాల్చి చూస్తే తప్ప. మా తైలమూ సారమూ పూసిన చోట మాత్రం ఆ మొలకలకు ముదురు రంగు పట్టి కొట్టొచ్చినట్లు కనబడేవి. ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే మా మందు మినాక్సిడిల్‌ను కూడా మించిపోయినట్లే ఉండేది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి మళ్లీ చూస్తే ఆ ఒత్తుదనం చాలా వరకు దూదికే అంటుకొని వచ్చేసేది. అప్పటి నుంచి తుడవకుండా చూసింది లెక్కలోకి తీసుకోకూడదని నియమం పెట్టుకున్నాం. నెరిసిన జుట్టుకు గుంటగలగరాకు నూనె రాసుకునేవారు జుట్టు ఒత్తయిందని చెప్పడంలో ఈ రంగు వాటా ఎంత ఉంటుందో అని నాకు తరచూ అనిపిస్తుంది. తెల్ల వెంట్రుకల కింద మాడు కనిపిస్తుంది, అవే వెంట్రుకలు నల్లబడితే కనిపించదు.

పొడవు కొలవడానికి, నిర్ణయించిన రోజుల్లో ఒక్కో ఎలుక నుంచి కొన్ని వెంట్రుకలను తీసి, నల్ల కాగితం మీద టేపుతో అంటించి, ఒక్కోదాన్ని నిటారుగా సాగదీసి కొలవాలి. ఆ కాగితాల మీద ఎలుక పేరు గానీ మందు పేరు గానీ ఉండేది కాదు, సార్ రాసిన సంకేతాలు మాత్రమే ఉండేవి. పూసేవారికి ఏ గుంపుకు ఏది పూస్తున్నామో తెలియకుండా దాచడం సాధ్యం కాదు, ఎందుకంటే మినాక్సిడిల్ నీళ్లలా తేటగా ఉంటుంది, మా తైలం ఆకుపచ్చగా వాసన వేస్తుంది. కొలిచేవారికి దాచడం మాత్రం సాధ్యమే. సొంత ఊరి ఆకు గెలవాలన్న కోరిక నాకు లేదని ప్రమాణం చేయలేను గనుక ఆ సంకేతాలు ఉండడమే మేలైంది.

చివరి దశలో మత్తు ఇచ్చి చర్మపు ముక్క తీసి, ఫార్మలిన్‌లో నిలవ ఉంచి, మైనంలో పోతపోసి, మైక్రోన్ల మందంలో పొరలుగా కోసి, రంగులద్ది సూక్ష్మదర్శిని కింద చూస్తారు. వెంట్రుకకు మూడు దశలు ఉన్నాయి. పెరిగే దశ అనాజెన్, ఆగే దశ కాటాజెన్, విశ్రాంతి దశ టీలోజెన్. పెరిగే దశలో ఉన్న కుదురు పొడవుగా, చర్మం అడుగున ఉన్న కొవ్వు పొర దాకా దిగి, కింది కొస ఉబ్బి ఉంటుంది. విశ్రాంతి దశలో ఉన్నది పొట్టిగా, పైపైనే ముడుచుకొని ఉంటుంది. ఒక పొరలో ఈ రెండు రకాలూ ఎన్నెన్ని ఉన్నాయో లెక్కపెట్టి నిష్పత్తి కడతారు. మెడ పట్టేసేంత ఓపిక పని ఇది. అయినా మొత్తం ప్రయోగంలో నాకు ఎక్కువ నమ్మకం ఉన్న కొలత ఇదే, ఎందుకంటే ఇక్కడ రంగు మోసం చేయదు, నూనె మెరుపు మోసం చేయదు.

ఫలితం చెబుతాను. మినాక్సిడిల్ గుంపు అన్నిటికంటే ముందుంది. సారం పూసిన గుంపు దానికి కాస్త వెనకగా, తైలం పూసిన గుంపు ఇంకాస్త వెనకగా వచ్చాయి; రెండింటిలోనూ ఏమీ పూయని గుంపు కంటే పెరిగే దశలోని కుదుళ్లు స్పష్టంగా ఎక్కువ. ఇంతవరకే రాసి ఆపితే గుంటగలగరాకు అద్భుతం అని చెప్పుకోవచ్చు, చాలా కరపత్రాలు అక్కడే ఆగుతాయి. కానీ వట్టి కొబ్బరినూనె పూసిన గుంపు కూడా ఏమీ పూయని గుంపు కంటే మెరుగ్గా ఉంది. రోజూ వేలితో రాయడం వల్లనో, నూనె చర్మాన్ని ఆరిపోనివ్వకపోవడం వల్లనో, కారణం ఏదైనా, ఆ మెరుగును తీసేసి చూస్తే ఆకుకు మిగిలే వాటా తగ్గిపోయింది. తైలానికీ వట్టి నూనెకూ మధ్య తేడా గణాంక పరీక్షలో నిలవలేదు, అంటే అది యాదృచ్ఛికంగా వచ్చిందే కావచ్చు. సారానికీ నూనెకూ మధ్య తేడా నిలిచింది. ఒక చిన్న ప్రయోగంలో ఇంతకు మించి గట్టిగా చెప్పడానికి లేదు. ఇంట్లో కాచిన నూనె పనికిరాదని దీని అర్థం కాదు, ఆ నూనెలోకి దిగే సారం మోతాదు మేము విడిగా తీసి కలిపిన మోతాదుకు సాటిరాదని మాత్రం అనుకోవచ్చు.

ఇది ఎలుక సంగతి. మనిషి తలకు దీన్ని అన్వయించేటప్పుడు దాటలేని అగడ్త ఒకటి ఉంది. ఎలుక వీపు మీద కుదుళ్లన్నీ దాదాపు ఒకే వరసలో నిద్రపోతాయి, ఒకే వరసలో మేలుకుంటాయి, ఒక చుట్టు వారాల్లో పూర్తవుతుంది. మనిషి తల మీద ఏ కుదురు దారి దానిదే. పెరిగే దశ రెండు నుంచి ఏడేళ్లు సాగుతుంది, విశ్రాంతి దశ మూడు నెలలు. ఏ రోజు చూసినా ఎనభై అయిదు, తొంభై శాతం కుదుళ్లు పెరుగుతూనే ఉంటాయి, నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. మా ఎలుకలు ఆరోగ్యవంతమైనవి, వాటికి బట్టతల లేదు. కత్తిరించిన జుట్టును అవి ఎలాగూ మొలిపించుకుంటాయి, మందు దాన్ని కాస్త తొందర పెట్టిందా అన్నదే మేము చూశాం. వంశపారంపర్య బట్టతలలో జరిగేది వేరు. డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే హార్మోన్ ప్రభావానికి కుదురే ఏటేటా కుంచించుకుపోయి, మందపాటి వెంట్రుక స్థానంలో నూగు మిగులుతుంది. మా ప్రయోగంలో దాని ఊసే లేదు.

మనుషుల మీద జరిగిన పరీక్షలను చదివేటప్పుడు కూడా ఇదే చూపుతో చదవడం అలవాటైంది. 2015లో ఇరాన్‌లో వంశపారంపర్య బట్టతల ఉన్న వంద మంది మగవారిలో రోజ్‌మేరీ నూనెను రెండు శాతం మినాక్సిడిల్‌తో పోల్చారు; మూడో నెలలో రెండు గుంపుల్లోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు, ఆరో నెలకు రెండింటిలోనూ వెంట్రుకల సంఖ్య పెరిగింది. మంచి ఫలితమే, కానీ ఏ మందూ లేని గుంపు, అంటే మా వట్టి నూనె గుంపు లాంటిది, అందులో లేదు. 2002లో ఇరాక్‌లో ఉల్లిపాయ రసాన్ని పరీక్షించింది పేనుకొరుకుడు ఉన్నవారి మీద. అది తనంతట తాను కూడా తగ్గుతుంది, బట్టతలతో దానికి పోలిక లేదు. ఆ ఒక్క ప్రయోగం పేరు చెప్పి ఇవాళ అందరి తలలకూ ఉల్లిరసం పట్టిస్తున్నారు. మందార విషయంలో 2003లో ఎలుకల మీద చేసిన పనిలో పువ్వు సారం కంటే ఆకు సారమే మెరుగ్గా కనబడింది, మన ఇళ్లలో మందారాకు నూరి తలకు పట్టించే అలవాటుకు అది కొంత ఊతమిచ్చేదే. కొబ్బరినూనె గురించి అదే ఏడాది వచ్చిన పరిశోధన మరింత సూటిగా ఉంది. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చగా, వెంట్రుక నుంచి ప్రోటీన్ నష్టాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అది మొలిచిన వెంట్రుకను తెగకుండా కాపాడడం. తెగకపోతే జడ పొడవుగా నిలుస్తుంది, చూసేవారికి పెరిగినట్లే ఉంటుంది, మాడులో మాత్రం కొత్తగా జరిగింది ఏమీ ఉండదు.

మా ప్రాజెక్టు సంగతి తెలిసి, ఇంట్లో కుటీర పరిశ్రమగా తలనూనె కాచి అమ్మే ఒకాయన కాలేజీకి వచ్చాడు. సీసా మీద ప్రయోగశాలలో నిరూపితం, కొత్త జుట్టు గ్యారంటీ అని వేసుకుంటాను, ఒక కాగితం ఇప్పించండి సార్ అని అడిగాడు. మేము పరీక్షించింది ఆయన నూనెను కానే కాదు, అది మొదటి అడ్డు. రెండోది, 1945 నాటి ఔషధ, సౌందర్య సాధనాల నియమాలలోని షెడ్యూల్ జె. మందు నయం చేస్తుందనో నివారిస్తుందనో చెప్పుకోకూడని రోగాల పట్టిక అది. అందులో బట్టతల ఉంది, కొత్త జుట్టు మొలిపించడం కూడా ఉంది. సార్ ఆ పట్టికను తీసి చూపించాక ఆయన చాలాసేపు చదువుకొని, మరి టీవీలో అందరూ ఎట్ల చెప్తాండారు సార్ అని అడిగాడు. దానికి మా దగ్గర సమాధానం లేకపోయింది. జుట్టును మృదువుగా ఉంచుతుంది, చిక్కు పడనివ్వదు అని రాసుకోమని సార్ చెప్పి పంపారు.

ప్రాజెక్టు అయ్యాక చుట్టాలలో నాకు తలనూనె నిపుణురాలన్న పేరు వచ్చింది. మా పెద్దమ్మ కూతురు టైఫాయిడ్ తగ్గిన రెండు మూడు నెలలకు, దువ్వెన పెడితే పిడికెడు జుట్టు వస్తోందని ఏడుస్తూ నూనె సీసా అడిగింది. పెద్ద జ్వరమో కాన్పో ఆపరేషనో అయినప్పుడు పెరుగుతున్న కుదుళ్లు చాలా ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి జారుకుంటాయి, ఆ దశ ముగిసే రెండు మూడు నెలల తరువాత మూకుమ్మడిగా రాలుతాయి, కుదుళ్లు బతికే ఉంటాయి గనుక కొన్ని నెలల్లో తిరిగి మొలుస్తాయి అని విడమరచి చెప్పాను. ముందు చర్మవైద్యుల దగ్గరికి వెళ్లి హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్ చూపించుకోమన్నాను. ఇనుము తక్కువగా ఉందని తేలి మాత్రలు రాశారు. తైలం కూడా ఇచ్చాను, మోచేతి మడతలో ఒక రోజు రాసి చూసుకొని దురద లేకపోతేనే తలకు పెట్టుకోమన్న షరతుతో. పాపిడి దగ్గర నెలకొక ఫోటో, అదే కిటికీ పక్కన, తలస్నానం చేసి ఆరిన తరువాత తీసుకోమన్నాను. ఆర్నెల్లకు ఆమె జుట్టు మునుపటిలా అయింది. అది నూనె మహిమేనని పెద్దమ్మ వీధంతా చెబుతోంది. పక్కింటామె కూడా సీసా కావాలంటే, జ్వరం ఎప్పుడొచ్చింది, ఇంట్లో నాన్నకో తాతకో బట్టతల ఉందా, పరీక్షలు చేయించుకున్నారా అన్న ప్రశ్నలతోనే మొదలుపెట్టాను.